చౌక దిగుమతుల నుంచి మన ఉక్కును కాపాడాలంటే ఏ దారి మంచిది? ఐదు మార్గాల పోలిక

2025 మే నెలలో హైదరాబాద్ బాలానగర్‌లో బీరువాలు చేసే ఒక చిన్న షెడ్డులో గంటసేపు కూర్చున్నాను. యజమాని సీఆర్ షీటు (బీరువాలకు వాడే పలుచని ఉక్కు రేకు) మీద చాక్‌పీసుతో గీతలు గీస్తున్నాడు. కటింగులో అంగుళం కూడా వృథా పోకూడదని ఒకటికి రెండుసార్లు టేపు పెట్టి చూసుకుంటున్నాడు. టేబుల్ మీద డీలరు పంపిన కొటేషన్ ఉంది. దాని అడుగున ఎర్ర సిరాతో రాసిన ముక్క: ‘ఈ రేటు 3 రోజులకే’.

“స్కూలు వాళ్లకి 40 బీరువాలు ఒప్పుకున్నానన్నా. వాళ్లు డబ్బులు ఇచ్చేది నెల తర్వాత. రేకు రేటేమో మూడు రోజులకే. మధ్యలో టెన్షన్ అంతా నాది” అన్నాడు. కాసేపటికి చాక్‌పీసు పక్కన పెట్టి, “దిగుమతి సుంకం చైనా మీద వేశారంటున్నారు. కట్టేది నేనే కదన్నా?” అని అడిగాడు.

అదే నెలలో మా బావ ఫోన్ చేశాడు. ఆయన కర్ణాటక వైపు కాయిల్స్ (ఉక్కు రేకు చుట్టలు) తయారుచేసే ఒక మిల్లులో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. “యార్డులో కాయిల్ మీద కాయిల్ పేరుకుపోయింది. ఇప్పుడిప్పుడే లారీలు కదులుతున్నాయి. ఈ సుంకం పడకపోతే కాంట్రాక్టు కుర్రాళ్లను ఇంటికి పంపించేసేవాళ్లు” అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. వీళ్లిద్దరి మధ్య ఇంకొకరు ఉన్నారు. ఖనిజం నుంచి బొగ్గుతో స్పాంజ్ ఐరన్ అనే ఇనుము తీసే బట్టీల పక్క ఊళ్లో ఆరేసిన బట్టల మీంచి రోజూ నల్లటి పొడి దులుపుకునే మనిషి. ఆ మనిషి గురించి ఆలోచించకుండా ‘పరిశ్రమను కాపాడాలి’ అనేస్తే, ఏ పరిశ్రమను, ఏ రూపంలో కాపాడుతున్నామో తెలియకుండా పోతుంది.

యూనియన్ మీటింగులో మాట్లాడాల్సినవాళ్లు, చిన్న పరిశ్రమల సంఘం తరఫున వినతిపత్రం రాయాల్సినవాళ్లు, గ్రూప్-1 వ్యాసానికి తయారవుతున్నవాళ్లు, ఎగుమతి ఆర్డర్లు చూసుకునేవాళ్లు చాలామంది ఈ విషయంలో ఎటు మొగ్గాలో తేల్చుకోలేకపోతున్నారు. నాకు అర్థమైనంతలో ఉన్న దారులు ఐదు. వాటిని తూచాలంటే ముందు తక్కెడ సరిగ్గా ఉండాలి.

## ముందుగా కొలబద్దలు

మన ఉక్కుకు రక్షణ ఇవ్వాలా వద్దా అన్న చర్చ వందేళ్ల నాటిది. 1921–22లో ఫిస్కల్ కమిషన్ ‘విచక్షణతో కూడిన రక్షణ’ అనే సూత్రం చెప్పి, రక్షణ కోరే పరిశ్రమకు మూడు షరతులు పెట్టింది. దేశంలో ఆ పరిశ్రమకు కావాల్సిన సహజ వనరులు ఉండాలి. రక్షణ లేకపోతే అది ఎదగలేని పరిస్థితి ఉండాలి. కొంతకాలానికి ఏ రక్షణా లేకుండా ప్రపంచ పోటీని తట్టుకోగలగాలి. ఆ సూత్రం కిందే 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. అప్పట్లో జంషెడ్‌పూర్‌లోని టాటా కర్మాగారానికి ఊపిరి పోసిన చట్టం అది.

ఆ మూడో షరతును ఈ రోజుకీ నేను అన్నిటికన్నా ముందు పెడతాను. దానికి ఈ కాలానికి తగ్గట్టు ఇంకో షరతు కలపాలి. ప్రపంచ పోటీ అంటే ఇప్పుడు ధర ఒక్కటే కాదు, టన్ను ఉక్కుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారన్నది కూడా. ఉక్కు మంత్రిత్వ శాఖ 2024లో విడుదల చేసిన ప్రణాళిక ప్రకారం మన దగ్గర టన్ను ముడి ఉక్కుకు సగటున 2.5 టన్నులకు పైగా వెలువడుతోంది. ప్రపంచ సగటు 1.9 టన్నుల దగ్గర ఉంది. దేశం మొత్తం కర్బన ఉద్గారాల్లో ఉక్కు రంగం వాటా 10 నుంచి 12 శాతం. బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్, పాత బ్లాస్ట్ ఫర్నేసులు (ఖనిజాన్ని కోక్ బొగ్గుతో కరిగించే పెద్ద కొలిములు), తుక్కు ఇనుము కొరత దీనికి ముఖ్య కారణాలు.

కాబట్టి ప్రతి మార్గాన్నీ ఈ ఐదు ప్రశ్నలు అడగాలి:

1. చౌక సరుకు వచ్చి పడుతున్నప్పుడు ఎంత త్వరగా పనిచేస్తుంది?
2. దాని భారం చివరికి ఎవరి మీద పడుతుంది?
3. దానికి గడువు ఉందా, లేక అలవాటుగా మారిపోతుందా?
4. దానివల్ల కొలిమి మారుతుందా, అంటే ఉద్గారాలు తగ్గుతాయా?
5. ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)లో, విదేశీ మార్కెట్లలో నిలబడుతుందా?

మొదటి రెండు ప్రశ్నలూ అందరూ అడిగేవే. మూడు, నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లే తక్కువ.

## అసలు ఒత్తిడి ఎంత?

2024లో చైనా దాదాపు 100 కోట్ల టన్నుల ముడి ఉక్కు తీసింది. ప్రపంచంలో రెండో స్థానంలో ఉన్న మనం తీసింది సుమారు 15 కోట్ల టన్నులు. ఆ ఏడాది చైనా బయటి దేశాలకు పంపిన ఉక్కే 11 కోట్ల టన్నులు దాటింది. అక్కడ ఇళ్ల నిర్మాణం మందగించింది, సరుకు మిగిలిపోయింది, అది ఎక్కడో ఒకచోట దిగాలి. అమెరికా 2018లో 25 శాతం సుంకం వేసి, 2025 జూన్‌లో దాన్ని 50 శాతానికి పెంచింది. యూరప్ 2018 నుంచీ కోటాలు పెట్టింది. ఒక గుమ్మం మూసుకున్నప్పుడల్లా సరుకు తెరిచి ఉన్న గుమ్మం వైపు తిరుగుతుంది. 2023–24లో మనం ఫినిష్డ్ స్టీల్‌లో (వాడకానికి సిద్ధమైన ఉక్కులో) నికర దిగుమతిదారులమయ్యాం. 2024–25లో దిగుమతులు సుమారు 95 లక్షల టన్నులకు చేరాయి. జపాన్, కొరియాలతో ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి అక్కడి సరుకు మీద 7.5 శాతం మామూలు కస్టమ్స్ సుంకం కూడా పడదు.

ఒత్తిడి నిజమే. దానికి మందు ఏది అన్నదే ప్రశ్న.

## మొదటి దారి: సేఫ్‌గార్డ్ సుంకం

ఎవరు మోసం చేశారు, ఎవరు చేయలేదు అని ఇది చూడదు. దిగుమతులు ఒక్కసారిగా పెరిగి దేశీయ పరిశ్రమ దెబ్బతింటోందని తేలితే చాలు. మన దగ్గర దీన్ని విచారించేది వాణిజ్య శాఖలోని డీజీటీఆర్ (డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్). ఉక్కు ఉత్పత్తిదారుల సంఘం దరఖాస్తుతో 2024 డిసెంబరులో విచారణ మొదలైంది. 2025 ఏప్రిల్ 21 నుంచి ఫ్లాట్ ఉత్పత్తుల మీద, అంటే కాయిల్స్, షీట్లు, ప్లేట్ల మీద, 200 రోజులపాటు 12 శాతం తాత్కాలిక సుంకం పడింది. ఆ ఏడాది డిసెంబరు చివర్లో దాన్ని ఏప్రిల్ 21 నుంచే లెక్కగట్టి మూడేళ్లకు ఖరారు చేశారు: మొదటి ఏడాది 12, రెండో ఏడాది 11.5, మూడో ఏడాది 11 శాతం.

దీని పెద్ద బలం వేగం. దరఖాస్తు నుంచి సుంకం దాకా నెలల్లో అయిపోయింది. ఒప్పందాలున్న జపాన్, కొరియా సరుకు మీద కూడా ఇది పడుతుంది. పైగా డబ్ల్యూటీవో నిబంధనల ప్రకారం ఏడాది దాటిన సేఫ్‌గార్డ్ సుంకం క్రమంగా తగ్గాల్సిందే. మా బావ యార్డులో లారీలు కదలడానికి కారణం ఇదే.

మరి భారం? లెక్క సులువుగా ఉండటానికి దిగుమతి కాయిల్ టన్ను 50,000 రూపాయలనుకుందాం. 12 శాతం అంటే 6,000. దిగుమతి సరుకు అంత ప్రియమైతే దేశీయ మిల్లు కూడా తన రేటును ఆ 6,000లో కొంత పైకి జరుపుకోగలదు. అంటే సుంకం కట్టని టన్ను ధర కూడా పెరుగుతుంది. ఖజానాకు చేరేది దిగుమతి సరుకు మీది సుంకం మాత్రమే, కొనేవాడు ఎక్కువ కట్టేది మాత్రం ప్రతి టన్ను మీదా. బాలానగర్ షెడ్డులో ఆ యజమాని అడిగింది సరిగ్గా ఇదే. ధర అదుపు తప్పకుండా ఈసారి ఒక కట్టడి పెట్టారు. హాట్ రోల్డ్ కాయిల్ (వేడిగా సాగదీసి చుట్టిన రేకు) టన్ను 675 డాలర్లకో అంతకు ఎక్కువకో వస్తే ఈ సుంకం పడదు. మంచి ఆలోచన. కానీ చిన్న యూనిట్లు నేరుగా దిగుమతి చేసుకోవు, డీలరు దగ్గర కొంటాయి. ఆ కట్టడి వాళ్ల దాకా ఎంత దిగుతుందన్నది డీలరు మీద ఆధారపడి ఉంటుంది.

నాలుగో ప్రశ్న దగ్గర ఈ దారి పూర్తిగా తడబడుతుంది. సుంకం వల్ల మిల్లులకు వచ్చే అదనపు లాభాన్ని ఎక్కడ పెట్టాలో నోటిఫికేషన్‌లో ఒక్క ముక్క లేదు. దాంతో తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేస్ కట్టొచ్చు, ఇంకో బొగ్గు ఫర్నేసూ కట్టొచ్చు. దిగుమతి ఆగినంత మాత్రాన గాలి శుభ్రపడదు. మన సగటే ప్రపంచ సగటు కన్నా ఎక్కువ కాబట్టి, బయటి టన్ను బదులు ఇక్కడి టన్ను వాడితే లెక్కలో ఉద్గారాలు పెరిగినా పెరగొచ్చు.

ఐదో ప్రశ్నకు జవాబు మన అనుభవంలోనే ఉంది. 2015 సెప్టెంబరులో హాట్ రోల్డ్ కాయిల్స్ మీద 20 శాతం తాత్కాలిక సేఫ్‌గార్డ్ వేశాం, తర్వాత పొడిగించాం. 2016 ఫిబ్రవరిలో 173 ఉత్పత్తులకు కనీస దిగుమతి ధర కూడా పెట్టాం. జపాన్ డబ్ల్యూటీవోకు వెళ్లింది. 2018 నవంబరులో ప్యానెల్ నివేదిక చాలా అంశాల్లో జపాన్ పక్షాన వచ్చేసరికి ఆ సుంకం గడువే ముగిసిపోయింది. తీర్పు వచ్చేలోపు పని జరిగిపోయిందని కొందరు సంతోషించారు. నాకు అందులో సంతోషం కనిపించదు. పదేళ్లు తిరిగేసరికి అదే కాయిల్‌కు అదే మందు మళ్లీ వేయాల్సి వచ్చిందంటే, మొదటిసారి దొరికిన వ్యవధిని మనం ఎలా వాడుకున్నామో అడగాలి కదా.

## రెండో దారి: యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ సుంకాలు

ఒక దేశపు మిల్లు తన ఊళ్లో అమ్మే ధర కన్నా తక్కువకు ఇక్కడ అమ్మితే యాంటీ డంపింగ్. అక్కడి ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వడం వల్ల చౌకగా వస్తే కౌంటర్‌వెయిలింగ్. న్యాయం కోణంలో చూస్తే ఇదే చక్కటి దారి, తప్పు చేసినవాడి మీదే సుంకం పడుతుంది. నష్టాన్ని పూడ్చడానికి ఎంత కావాలో అంతకు మించి వేయకూడదన్న పద్ధతి కూడా మన దగ్గర ఉంది.

అయితే రుజువు కావాలి. విచారణకు ఏడాది, ఒక్కోసారి ఏడాదిన్నర పడుతుంది. లాయర్లు, కాస్ట్ అకౌంటెంట్లు, ఖర్చుల పట్టికలు కావాలి. ఇవన్నీ పెద్ద మిల్లులకు ఉంటాయి, బీరువాల షెడ్డుకు ఉండవు. విచారణలో వాడుకదారుల గొంతు పలచగా వినిపించడానికి కారణం అదే.

తప్పించుకునే దారులూ ఉన్నాయి. చైనా ఎగుమతిదారులు ఒకప్పుడు మామూలు ఉక్కులో చిటికెడు బోరాన్ కలిపి, అల్లాయ్ స్టీల్ పేరుతో పన్ను రిబేటు పొందుతూ ప్రపంచమంతా పంపారు. 2015లో వాళ్ల ప్రభుత్వమే ఆ రిబేటు తీసేసింది. సుంకం ఉత్పత్తి పేరు మీద ఉంటే పేరు మారుతుంది, దేశం మీద ఉంటే దారి మారుతుంది.

ఇక ఒత్తిడి ఎలా ఉంటుందో చెప్పడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ సంగతి చాలు. చైనా స్టెయిన్‌లెస్ ఫ్లాట్ ఉత్పత్తుల మీద 2017లో 18.95 శాతం కౌంటర్‌వెయిలింగ్ సుంకం వేశారు. లోహాల ధరలు మండిపోతున్నాయని 2022 బడ్జెట్‌లో దాన్ని రద్దు చేశారు. ఊరట పొందింది గిన్నెలు, పైపులు చేసేవాళ్లు, గోల పెట్టింది మిల్లులు. ఉద్గారాల ప్రశ్నకు ఈ దారి దగ్గర కూడా జవాబు లేదు.

## మూడో దారి: నాణ్యత ఆదేశాలు

భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర లేని ఉక్కు అమ్మకూడదు, దిగుమతి చేయకూడదు అనే ఉత్తర్వులు ఇవి. ఇంటి పిల్లర్‌లో వేసే కడ్డీ నాసిరకం కాకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ వీటిని దిగుమతుల అడ్డుగోడగా వాడితే చిక్కు వస్తుంది. 2025 జూన్ 13న ఉక్కు శాఖ ఇచ్చిన ఉత్తర్వుతో, తుది ఉత్పత్తికే కాకుండా దాని తయారీకి వాడిన ముడి ఉక్కుకు కూడా బీఐఎస్ ప్రమాణం వర్తించింది. సముద్రం మీద ఉన్న సరుకు సంగతేమిటని దిగుమతిదారులు తలలు పట్టుకున్నారు. ఇక్కడ దొరకని ప్రత్యేక గ్రేడు మీద ఆధారపడిన చిన్న యూనిట్‌కు అలాంటి ఒక్క నెల ఆర్డరు పోగొట్టుకోవడానికి సరిపోతుంది.

నాణ్యత కోసమైతే ఈ దారి పూర్తిగా సమర్థనీయం. రక్షణ కోసమైతే కాదు. ఎందుకంటే దీనికి గడువు ఉండదు, రేటు ఉండదు, బహిరంగ విచారణా ఉండదు.

## నాలుగో దారి: కర్బన ధర

యూరప్ తీసుకొచ్చిన సీబ్యామ్ (సరిహద్దు దగ్గర వేసే కర్బన పన్ను) గురించి వినే ఉంటారు. 2023 అక్టోబరు నుంచి లెక్కలు అడగడం మొదలుపెట్టింది, 2026 జనవరి 1 నుంచి అసలు దశలోకి వచ్చింది. అక్కడికి వెళ్లే ఉక్కు తయారీలో ఎంత కర్బనం వెలువడిందో దాన్నిబట్టి దిగుమతిదారు సర్టిఫికెట్లు కొనాలి. యూరప్ మిల్లులకు ఇస్తున్న ఉచిత ఉద్గార కోటాలు 2034 నాటికి పూర్తిగా పోతాయి. అవి తగ్గేకొద్దీ మన మీద భారం పెరుగుతుంది.

ఇలాంటి సరిహద్దు పన్నే మనమూ పెట్టొచ్చు కదా అని ఈ మధ్య తరచూ వింటున్నాను. వినడానికి బాగానే ఉంటుంది, లెక్కకు నిలవదు. కర్బన పన్ను న్యాయంగా ఉండాలంటే బయటి టన్నుకు ఎంతో లోపలి టన్నుకూ అంతే ఉండాలి. సగటున 2.5 టన్నులు వదిలే మనం, 2 టన్నుల దగ్గర ఉన్నవాడి మీద ఆ కత్తి ఎత్తితే అది ముందు మనకే తెగుతుంది. మన కొలిములు మారేదాకా సరిహద్దు కర్బన పన్ను మనకు రక్షణ కాదు.

దేశం లోపల కర్బన ధర సంగతి వేరు. 2023లో నోటిఫై చేసిన కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకం ఆ దిశగా వేసిన అడుగే. టన్నుకు ఇంత అని లక్ష్యం పెడతారు. దాన్ని దాటి మెరుగుపడ్డవాళ్లు క్రెడిట్లు అమ్ముకుంటారు, అందుకోలేనివాళ్లు కొనుక్కుంటారు. ఎగుమతిదారులు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఒకటుంది. తయారైన దేశంలోనే నిజంగా చెల్లించిన కర్బన ధరను సీబ్యామ్ లెక్కలోంచి తగ్గించుకోవచ్చు. అంటే ఎటూ కట్టక తప్పని ఆ డబ్బు యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌కు పోవాలా, ఇక్కడే మిగిలి ఇక్కడి కొలిములు మార్చడానికి పనికిరావాలా అన్నది కొంతవరకు మన చేతుల్లో ఉంది.

ఈ దారి బలహీనత వేగం. రేపు ఓడ దిగబోయే చౌక కాయిల్‌ను ఇది ఆపలేదు. పొగగొట్టం దగ్గర కొలిచే వ్యవస్థ లేని, కరెంటుతో ఇనుము కరిగించే చిన్న ఇండక్షన్ ఫర్నేసులకు మొదటి రెండేళ్లూ కాగితాల బరువే ఎక్కువ.

## ఐదో దారి: ప్రభుత్వ కొనుగోళ్లు, పెట్టుబడి సాయం

పట్టాలు, వంతెనలు, నీటి పైపులు, పేదల ఇళ్లు. ప్రభుత్వం వాడే ఉక్కు తక్కువేమీ కాదు. ప్రభుత్వ కొనుగోళ్లలో దేశీయ ఉక్కుకు ప్రాధాన్యం ఇచ్చే విధానం 2017 నుంచే ఉంది. డబ్ల్యూటీవోలోని ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంలో మనం సభ్యులం కాదు, పరిశీలకులం మాత్రమే. కాబట్టి ఇక్కడ మనకు స్వేచ్ఛ ఎక్కువ.

ఇప్పటికి ఆ ప్రాధాన్యం ‘దేశీయమా కాదా’ అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగింది. 2024 డిసెంబరులో ఉక్కు శాఖ గ్రీన్ స్టీల్ నిర్వచనం ఇచ్చింది. టన్ను ఫినిష్డ్ స్టీల్‌కు 2.2 టన్నుల కన్నా తక్కువ ఉద్గారాలుంటేనే గ్రీన్. 2.0 నుంచి 2.2 మధ్య ఉంటే మూడు నక్షత్రాలు, 1.6 నుంచి 2.0 మధ్య నాలుగు, 1.6 కన్నా తక్కువైతే ఐదు. ఈ హద్దులను మూడేళ్లకోసారి సమీక్షిస్తారు. కొలబద్ద చేతికొచ్చింది. దాన్ని టెండరు కాగితంలోకి ఎక్కించాలి. ‘ఈ వంతెనకు వాడే ఉక్కులో ఇంత శాతం నాలుగు నక్షత్రాలది ఉండాలి’ అని ఒక్క వాక్యం రాస్తే మిల్లు యజమానికి తన పెట్టుబడి తిరిగొస్తుందన్న నమ్మకం కలుగుతుంది.

సాయం సంగతికొస్తే, స్పెషాలిటీ స్టీల్‌కు 2021లో 6,322 కోట్ల రూపాయల పీఎల్ఐ (ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహకం) ప్రకటించారు. అది నాణ్యమైన గ్రేడ్లు ఇక్కడే తయారవ్వాలని పెట్టిన పథకం, ఉద్గారాలు తగ్గించడానికి కాదు. గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌లో ఉక్కు తయారీకి హైడ్రోజన్ వాడే ప్రయోగాలకు కేటాయించింది 455 కోట్లు. 2030–31కి 30 కోట్ల టన్నుల సామర్థ్యం లక్ష్యంగా పెట్టుకున్న దేశానికి ఇది చిన్న మొత్తం. ఈ రోజు కట్టిన బ్లాస్ట్ ఫర్నేస్ మధ్యలో మరమ్మతులు చేసుకుంటూ దశాబ్దాలు నడుస్తుంది. రాబోయే కొన్నేళ్లలో ఏ కొలిమి కడతామన్నది 2050 దాకా మనల్ని వెంటాడుతుంది.

ఈ మార్పు మనుషులకు ఎంత కష్టమో బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో కనిపించింది. అక్కడి టాటా స్టీల్ కర్మాగారంలో చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2024 సెప్టెంబరు 30న ఆపేశారు. దాని స్థానంలో 125 కోట్ల పౌండ్లతో ఎలక్ట్రిక్ ఫర్నేస్ వస్తోంది, అందులో 50 కోట్లు ప్రభుత్వానివి. పాత కొలిమి ఆగిన రోజుకూ కొత్తది వెలిగే రోజుకూ మధ్య ఏళ్ల ఖాళీ. సుమారు 2,800 ఉద్యోగాలు పోయాయి. పర్యావరణం పేరుతో ఆ ఖాళీని కార్మికుల నెత్తిన పెట్టడం నాకు సమ్మతం కాదు. మన దగ్గర పాతవి మూసేయడం కన్నా కొత్తవి కట్టడమే ఎక్కువ, అదే మనకున్న అదృష్టం. మొదటినుంచే సరైనవి కట్టుకోవచ్చు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | వేగం | భారం ఎవరిది | గడువు | ఉద్గారాలు తగ్గుతాయా | బయట నిలుస్తుందా |
|---|---|---|---|---|---|
| సేఫ్‌గార్డ్ సుంకం | నెలల్లో | ఉక్కు కొనే ప్రతి ఒక్కరిదీ | ఉంది, ఏటా తగ్గుతుంది | షరతు పెడితే తప్ప లేదు | వివాదాలకు అవకాశం ఉంది |
| యాంటీ డంపింగ్, కౌంటర్‌వెయిలింగ్ | ఏడాది పైన | ఆ దేశపు సరుకు వాడేవారిది | ఐదేళ్లు, పొడిగింపు ఉంటుంది | లేదు | రుజువు గట్టిదైతే నిలుస్తుంది |
| నాణ్యత ఆదేశాలు | వెంటనే | చిన్న దిగుమతిదారు, చిన్న యూనిట్ | లేదు | లేదు | అభ్యంతరాలు వస్తాయి |
| దేశీయ కర్బన ధర | ఏళ్లలో | ఎక్కువ పొగ వదిలే మిల్లుది | నిరంతరం | అవును | ఎగుమతులకు మేలు |
| గ్రీన్ కొనుగోళ్లు, సాయం | రెండు మూడేళ్లు | పన్ను కట్టేవారిది | బడ్జెట్‌ను బట్టి | అవును, షరతులుంటే | కొనుగోళ్ల వరకు స్వేచ్ఛ ఉంది |

## మీరెవరన్నదాన్ని బట్టి

చిన్న ఫ్యాబ్రికేషన్ యూనిట్ నడుపుతుంటే: సుంకం ఎత్తేయమని అడిగితే వినేవాళ్లు ఉండరు, మిల్లుల గొంతు మీకన్నా పెద్దది. దాని బదులు రెండు అడగండి. ప్రభుత్వ ఆర్డర్లలో ఉక్కు ధర మారితే బిల్లు కూడా మారే నిబంధన ఒకటి. సుంకం ఉన్నంతకాలం మిల్లులు చిన్న యూనిట్లకు నేరుగా, మూడు నెలల ధర మీద కొంత సరుకు కేటాయించాలన్నది రెండోది. బీరువాల యజమాని బాధ రేటు పెరిగిందని మాత్రమే కాదు, అది మూడు రోజులకొకసారి మారుతోందని. నాణ్యత ఆదేశాల విషయంలో మాత్రం గట్టిగా నిలబడండి. ముందస్తు గడువు, దారిలో ఉన్న సరుకుకు మినహాయింపు మీ హక్కు.

విశాఖలో ఉంటే: ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. విశాఖ ఉక్కు ప్రధానంగా తయారుచేసేది కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్, అంటే లాంగ్ ఉత్పత్తులు. ఇప్పుడున్న సేఫ్‌గార్డ్ సుంకం ఫ్లాట్ ఉత్పత్తుల మీద. అది విశాఖను నేరుగా కాపాడదు. 73 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఆ కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు, మొదటినుంచీ ఉన్న గాయం అది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది, కానీ ఖనిజం ప్రశ్న అలాగే ఉంది. విశాఖ కోసం పోరాడేవాళ్లు సుంకం చర్చలో శక్తి ఖర్చుపెట్టకుండా, గనుల కేటాయింపు, ప్రభుత్వ నిర్మాణాల్లో గ్రీన్ కడ్డీల కొనుగోలు ఈ రెండింటి మీదా పట్టుబట్టాలి.

మిల్లు కార్మికులైతే: సేఫ్‌గార్డ్‌ను సమర్థించండి, కానీ ‘ఈ మూడేళ్లలో ఏ కొలిమి కడతారు, మాకు ఏ శిక్షణ ఇస్తారు’ అని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. సుంకం పోయిన రోజున చేతిలో ఆ కాగితం ఉండాలి.

యూరప్‌కు ఎగుమతి చేస్తుంటే: మీకు సుంకాలు ఉపకరించవు. 2022 మే నెలలో ప్రభుత్వమే ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేసి నవంబరులో తీసేసిన అనుభవం మీకు గుర్తుండే ఉంటుంది. మీ దారి నాలుగోది. ఉద్గారాల లెక్కలు ఇప్పుడే సరిగ్గా రాయడం మొదలుపెట్టండి.

తుక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేస్ యజమాని అయితే: మీ సరుకు చాలామంది అనుకున్నదాని కన్నా శుభ్రమైనది. స్పాంజ్ ఐరన్ తక్కువ, తుక్కు ఎక్కువ వాడితే నక్షత్రాలు అందుకోవడం మీకు పెద్ద మిల్లుల కన్నా తేలిక. సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత సెకండరీ స్టీల్ టెక్నాలజీ జాతీయ సంస్థకు అప్పగించారు. ఆ ఖర్చు చిన్న యూనిట్లకు ప్రభుత్వమే భరించాలని మీ సంఘం అడగాలి.

పోటీ పరీక్షలకు చదువుతుంటే: ఫిస్కల్ కమిషన్ పెట్టిన మూడో షరతుతో మొదలుపెట్టి, దానికి ఉద్గారాల షరతు జోడించి రాయండి.

## నా ఎంపిక

మొదటి దారి, ఐదో దారి కలిపి. అయితే ఒక షరతుతో. సుంకం మేలు పొందే ప్రతి మిల్లూ టన్నుకు తన ఉద్గారాలెంతో ఏటా బయటపెట్టాలి, అవి ఏటా తగ్గాలి. ఈ షరతు లేకుండా ఇచ్చే 12 శాతాన్ని బాలానగర్ షెడ్డు ఎందుకు కట్టాలో నేను ఆ యజమానికి చెప్పలేను. షరతు ఉంటే చెప్పగలను. “మూడేళ్లు ఓర్చుకో, నీ కొడుకు ఈ షెడ్డు నడిపే నాటికి రేకు ఇక్కడిదే ఉంటుంది, దాన్ని యూరప్ కూడా కాదనలేదు” అని.

తేదీలు కూడా కలిసొచ్చాయి. సేఫ్‌గార్డ్ సుంకం మూడేళ్ల గడువు 2028 ఏప్రిల్‌లో తీరుతుంది. గ్రీన్ స్టీల్ హద్దుల మొదటి సమీక్ష దానికి కొద్ది నెలల ముందే రావాలి. ఒకటి వాణిజ్య శాఖ ఫైలు, రెండోది ఉక్కు శాఖ ఫైలు. సుంకం పొడిగించమని మిల్లులు తప్పకుండా అడుగుతాయి. ఆ దరఖాస్తు విచారణకు వచ్చినప్పుడు వాడుకదారుల తరఫున ఎవరైనా అభిప్రాయం పంపవచ్చు. అందులో ఏ మిల్లు ఎన్ని నక్షత్రాలు పెంచుకుందో పట్టిక జత చేయమని అడగండి. ఆ పట్టిక ఖాళీగా వస్తే పొడిగింపు వద్దని రాయండి.